గుర్తు పెట్టుకోవడం దాని పని, ఒప్పుకోవడం మన పని

తెలుగిళ్లలో వంటగది గుమ్మం పక్కన మేకుకు వేలాడే క్యాలెండర్‌ను దగ్గరికెళ్లి చూస్తే ఆ ఇంటి లెక్కలన్నీ అందులోనే కనిపిస్తాయి. పాలు పోయించుకోని రోజున ఒక అడ్డగీత, గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ ఒక సున్నా, పనమ్మాయి నాగా పెట్టిన రోజున ‘నా’ అని ఒంటక్షరం, వెనకవైపు ప్లంబరు నంబరు. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం ముందే లెక్కగట్టి అచ్చేసి ఉంటాయి కాబట్టి ఎవరూ కూర్చుని గుణించుకోనక్కర్లేదు. అలాగని వర్జ్యంలో బయల్దేరాలా, కాసేపు ఆగాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టమే. క్యాలెండర్ అడ్డు పడదు, తొందరపెట్టదు, గంట మోగించదు. గుర్తు పెట్టుకునే బరువంతా తాను మోసి, నిర్ణయం మాత్రం మనిషికి వదిలేస్తుంది. ఫోన్‌లో ఉన్న సాధనాల్లో ఏది మన పని తేలిక చేస్తోంది, ఏది నెత్తిమీద ఇంకో మూట పెడుతోంది అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనిపించలేదు.

ఫోన్ వాడకంలో మనకు కలిగే విసుగు చాలావరకు పని పంపకం తలకిందులైనందువల్ల వచ్చిందే. ఏ సైటుకు ఏ పాస్‌వర్డ్ పెట్టాం, ఏ బిల్లుకు ఏ తేదీ ఆఖరు, ఆధార్ ఫొటో ఏ గ్రూపులో ఎప్పుడు పంపాం అన్నవి యంత్రం చిటికెలో చేయగల పనులు. వాటిని మనం మోస్తున్నాం. ఎప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోవాలి, ఏ వీడియో తర్వాత ఏది చూడాలి, ఏ చందా ఇంకో ఏడాది పొడిగించాలి అన్నవి మనం తేల్చుకోవాల్సినవి. వాటిని దానికి అప్పగించేశాం. ఈ రెండు పనులూ ఎవరివి వాళ్లకు తిరిగి అప్పజెప్పగలిగితే, కొత్త యాప్‌లు పెద్దగా వేసుకోకుండానే సగం చికాకు తీరుతుంది.

పాస్‌వర్డ్‌ల సంగతే చూడండి. పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, విచిత్రమైన గుర్తు ఒకటి ఉండాలనీ, కొన్నాళ్లకోసారి మార్చాలనీ ప్రపంచమంతా పెట్టుకున్న నియమానికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన మార్గదర్శకాలు. పద్నాలుగేళ్ల తర్వాత, 2017లో, తాను రాసినదానిలో చాలాభాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని ఆయనే ఒక పత్రికకు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ ఆ నియమాలను మార్చేసింది. గడువు పెట్టి మార్పించడం వద్దు, అక్షరాల గారడీ వద్దు, పొడుగ్గా ఉంటే చాలు, పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించుకోనివ్వండి అంది. కారణం మనకు తెలియనిదేం కాదు. మనవడి పేరు, పక్కన ‘@123’. మార్చమంటే ‘@124’. జ్ఞాపకానికి మోయలేనంత బరువు ఎత్తితే మనిషి దొడ్డిదారి వెతుక్కుంటాడు, దొంగకు ఆ దారి మనకంటే బాగా తెలుసు. పైగా అదే పాస్‌వర్డ్‌ను పది చోట్ల పెట్టుకుంటాం. ఎక్కడో ఒక చిన్న షాపింగ్ సైటు జాబితా బయటపడితే అదే తాళంచెవితో ఈమెయిల్ తలుపు కూడా తెరుచుకుంటుంది.

దీనికి విరుగుడు పాస్‌వర్డ్ మేనేజర్. ఆండ్రాయిడ్, ఆపిల్ ఫోన్లలో అది ముందే ఉంటుంది, విడిగా కావాలంటే బిట్‌వార్డెన్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కో సైటుకు ఒక్కో పొడుగాటి, అర్థం లేని పాస్‌వర్డ్‌ను అది తయారుచేసి దాచుకుంటుంది. మనం గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచే ఒక్కటే. ఇందులో చాలామంది గమనించని మేలు ఇంకొకటుంది. బ్యాంకు పేజీని అచ్చుగుద్దినట్టు నకలు చేసి, చిరునామాలో ఒక్క అక్షరం మార్చి వల వేస్తారు. మన కన్ను బొమ్మ చూసి మోసపోతుంది. మేనేజర్ బొమ్మ చూడదు, చిరునామా చూస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ నింపకుండా ఊరుకుంటుంది. రోజూ తనంతట తానే నింపే పెట్టె ఇవాళ ఖాళీగా ఉందేమిటా అని మనం ఆగిన ఆ క్షణంలోనే డబ్బు మిగులుతుంది. పాస్‌కీలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. వాటి కోసం ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ 2022లో చేతులు కలిపాయి. వేలిముద్రో ఫోన్ పిన్నో చూపిస్తే ఫోనే సైటుతో మాట్లాడుకుంటుంది. గుర్తుంచుకోవడానికీ, ఎవరికో పొరపాటున చెప్పేయడానికీ పాస్‌వర్డ్ అనేదే ఉండదు.

అన్ని తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలిస్తే, ఆ గుత్తి పోతే? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. 2022లో లాస్ట్‌పాస్ అనే పేరున్న మేనేజర్ మీద దాడి జరిగి, వాడకందారుల ఖజానాల నకళ్లు దొంగల చేతికి చిక్కాయి. అవి గుప్తలిపిలో ఉన్నందువల్ల బలమైన ప్రధాన పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు రక్షణ మిగిలింది. బలహీనమైనది పెట్టుకున్నవాళ్లు అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. అంటే అపాయం ఉంది. కానీ దాన్ని పోల్చాల్సింది ఏ అపాయమూ లేని ఊహాలోకంతో కాదు, పది సైట్లకు ఒకటే ‘@123’తో నడుస్తున్న ఇప్పటి స్థితితో. ఫోన్‌లో దాచడం అసలు నచ్చనివాళ్లు ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకున్నా నేను తప్పు పట్టను. ఎక్కడో విదేశంలో కూర్చున్న దొంగ మన బీరువా దాకా రాలేడు. ఒకటే పాస్‌వర్డ్‌ను అన్ని చోట్లా వాడటంతో పోలిస్తే ఆ పుస్తకం ఎన్నో రెట్లు నయం.

పని పంపకం సరిగ్గా కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే టీ కొట్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు. యూపీఐ 2016లో వచ్చినప్పుడు మన నెత్తి మీద నుంచి దించింది ఖాతా నంబరును, పదకొండు అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను. వాటి బదులు ఒక క్యూఆర్ బొమ్మ. కట్టేవాడి కష్టం తీరింది గానీ కొట్టువాడి కష్టం కొన్నాళ్లు అలాగే ఉంది. ఒక చేత్తో పాలు తిప్పుతూ, ఇంకో చేత్తో గ్లాసులు కడుగుతూ, ఎవరి డబ్బు వచ్చిందో ఎవరిది రాలేదో తడిచేత్తో ఫోన్ తీసి మెసేజ్ చూసుకోవాలి. రద్దీలో అది కుదరదు కాబట్టి ఎదుటివాడు చూపించిన తెర నమ్మాలి. ఆ తెర నిన్నటిది కావచ్చు, దొంగ యాప్‌లో తయారైంది కావచ్చు. అప్పుడు వచ్చింది సౌండ్ బాక్స్. అరచేతంత డబ్బా, అందులో ఒక సిమ్. డబ్బు ఖాతాలో పడగానే ‘ఇరవై రూపాయలు వచ్చాయి’ అని తెలుగులో అరుస్తుంది. నొక్కాల్సిన మీట లేదు, చదవాల్సిన తెర లేదు, నేర్చుకోవాల్సిందేమీ లేదు. అక్షరం రాని మనిషికీ, చేతులు ఖాళీ లేని మనిషికీ సమానంగా పనికొస్తుంది. మన బజార్లలోకి ఇటీవల వచ్చిన సాధనాలన్నిటిలో అతి తెలివైనది ఇదేనని నా అభిప్రాయం. అది చేసేది ఒక్కటే పని, ఎవరి నిర్ణయంలోనూ వేలు పెట్టదు.

కట్టేవాడి వైపు ఆ నిర్ణయం ఎక్కడుంది? పిన్‌లో ఉంది. యూపీఐలో పిన్ కొట్టడమంటే డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోవడమే. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో మోసపోయారు. పాత సోఫా అమ్ముతానని ప్రకటన ఇస్తే, కొంటానన్నవాడు డబ్బు పంపకుండా డబ్బు అడిగే అభ్యర్థన పంపేవాడు, ‘మీ డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టండి’ అనేవాడు. చివరికి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులు ఒకరినొకరు అలా అడిగే సదుపాయాన్నే తీసేసింది. మరి చిన్న చెల్లింపులకు వాడే యూపీఐ లైట్‌లో పిన్ లేదు కదా, నిర్ణయం యంత్రానికి ఇచ్చినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ నిర్ణయం కాస్త ముందుకు జరిగింది, అంతే. లైట్ ఖాతాలో ఒకేసారి ఉండగలిగేది ఐదు వేలు, ఒక్కో చెల్లింపుకు వెయ్యి వరకే. జేబులో చిల్లర పెట్టుకుని బజారుకెళ్లినట్టు, ఎంత పెట్టుకోవాలో మనం ముందే తేల్చుకుంటాం. కూరగాయల కొట్టులో ప్రతి పది రూపాయలూ బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్కో వరసగా పడకుండా పోవడం అదనపు లాభం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది నెలనెలా తనంతట తాను కోసుకునే చందా. మొదటి నెల ఉచితం అంటారు, కార్డు వివరాలు ఇస్తాం, మరిచిపోతాం. మన మతిమరుపే అక్కడ వాళ్ల ఆదాయం. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ 1 నుంచి దీనికి కళ్లెం వేసింది. కార్డు నుంచి ఇలా డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు చెప్పాలి, వద్దంటే ఆపే దారి చూపించాలి, ఒక పరిమితి దాటితే ఓటీపీ అడగాలి. ఆ పరిమితి మొదట ఐదు వేలు, 2022లో పదిహేను వేలకు పెరిగింది. మొదట్లో చాలా చందాలు ఆగిపోయి జనం విసుక్కున్న మాట నిజమే. ఐనా నిర్మాణం సరైనది. తేదీ గుర్తుంచుకోవడం యంత్రం పని, ముందురోజు చెప్పడం కూడా దాని పనే. కాదనే హక్కు మనది. అందుకే కరెంటు బిల్లు, బీమా ప్రీమియం లాంటి తప్పనిసరి చెల్లింపులకు ఆటోపే పెట్టుకోవడానికి భయపడనక్కర్లేదు. సినిమాల యాప్‌కు పెట్టేటప్పుడే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్తే యూపీఐ ద్వారా ఇచ్చిన అనుమతులన్నీ ఒక్కచోట కనిపిస్తాయి, ఏది రద్దు చేయాలన్నా అక్కడే చేయొచ్చు. ఒకసారి తెరిచి చూడండి, మరిచిపోయిన చుట్టాలు కనిపిస్తారు.

ఇన్ని ఓటీపీలు, పిన్‌లు దేనికి, ఇదేం సులువు అని విసుక్కునేవాళ్లున్నారు. సులువుకు అడ్డంగా ఉన్నది తలుపా, గోడా అని చూడాలి. ఇవి తలుపులే. చట్టం కూడా ఆ తలుపు తాళంచెవి మన చేతిలోనే ఉందంటోంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా బయటివాళ్లు ఖాతాలో చేయిపెడితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే నష్టం మనది కాదు. అదే మన అజాగ్రత్త వల్ల, అంటే మనమే ఓటీపీ లాంటిది చెప్పేయడం వల్ల పోతే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినదంతా మనదే. మోసం తెలిసిన క్షణాన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనడంలో తొందర అందుకే. జ్ఞాపకాన్ని ఎంతైనా అప్పగించండి, ఒప్పుకోలును మాత్రం ఎవరికీ అప్పగించకండి అని నేననడానికి ఇది గట్టి ఆధారం.

కాగితాల విషయంలో మనకున్న సాధనం డిజిలాకర్. 2015 జులైలో మొదలైంది. పదో తరగతి మార్కుల మెమో కోసం ట్రంకుపెట్టె తిరగేయడం, ఆర్‌సీ కోసం బండి డిక్కీ వెతకడం దీంతో తగ్గాయి. కానీ దాన్ని సగం మంది తప్పుగా వాడుతున్నారేమోనని నా అనుమానం. అందులో రెండు అరలున్నాయి. ఒక అరలోకి ప్రభుత్వ శాఖ, విశ్వవిద్యాలయం, బోర్డు లాంటి సంస్థ నేరుగా జారీ చేసిన పత్రం వస్తుంది. 2016 నాటి నిబంధనల ప్రకారం దానికి అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. రెండో అరలో మనం ఫొటో తీసి ఎక్కించినవి ఉంటాయి. వాటి విలువ ఫొటో విలువే, జిరాక్స్ కాగితం కంటే ఎక్కువేం కాదు. లైసెన్సు ఫొటో ఎక్కించి డిజిలాకర్‌లో ఉంది కదా అని ధీమాగా ఉంటే రోడ్డు మీద పనికిరాదు. లైసెన్సు నంబరు ఇచ్చి రవాణా శాఖ నుంచి తెప్పించుకోవాలి. ఆధార్‌కు కూడా ఇలాంటి చిన్న కిటుకు ఉంది. చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి దాచేసిన ‘మాస్క్‌డ్ ఆధార్’ ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ సైటులో దొరుకుతుంది. గుర్తింపు చూపిస్తే చాలు అన్నచోట అదే ఇవ్వొచ్చు. లాడ్జి రిసెప్షన్ వాట్సాప్‌కు పన్నెండు అంకెలూ పంపించడం దేనికి?

ఇక వాట్సాప్. గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు మన దేశంలో ఫోన్లు నింపేస్తున్నాయని గూగుల్ 2017 డిసెంబరులో తెచ్చిన ఫైల్స్ గో యాప్‌లో అలాంటి బొమ్మల్ని పోల్చి ఏరివేసే సదుపాయం పెట్టాల్సి వచ్చింది. నవ్వొచ్చే విషయమే, కానీ ఆ నవ్వులో మన స్టోరేజ్ కథంతా ఉంది. ఏ ఫొటో ఉంచుకోవాలన్నది మనం తేల్చుకోవాల్సింది. తెరిచిన ప్రతిదీ తనంతట తానే గ్యాలరీలోకి చేరుతుంటే నిర్ణయం మన చేతిలోంచి పోయినట్టే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో గ్యాలరీలో కనిపించడాన్ని ఆపేస్తే, నచ్చిన ఫొటోను మాత్రం మనమే దాచుకుంటాం. స్టోరేజ్ విభాగంలో ఐదు ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కుప్పలు పోసి చూపిస్తుంది. ఒకేసారి తుడిచేయొచ్చు. నోటిఫికేషన్ల సంగతీ అంతే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ మన అనుమతి అడిగాకే గంట మోగించాలి. మనుషులు పంపినవాటికి, డబ్బుకు సంబంధించినవాటికి అవునని, అమ్మకానికి వచ్చేవాటికి కాదని అంటే చాలు.

సాధనాలే మనల్ని వాడుకుంటున్నాయి, ఇంకా సాధనాలు చేర్చమంటారా అన్న అభ్యంతరం ఇక్కడ బలంగా వినిపిస్తుంది. అందులో చాలా నిజం ఉంది. అడగకుండా బుట్టలో వస్తువు చేర్చడం, చందాలో చేరడం ఒక్క మీట దూరంలో పెట్టి బయటపడే దారిని ఏడు తెరల వెనక దాచడం లాంటి పదమూడు రకాల మాయలను ‘డార్క్ ప్యాటర్న్‌లు’ అని పేరుపెట్టి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 నవంబరు 30న నిషేధించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. కాబట్టి నేను చేర్చమనడం లేదు. ఉన్నదానితో అయ్యే పనికి కొత్త యాప్ దించుకోవడం దండగ. ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి నెమ్మదిగా అర్థమవుతోంది. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ వచ్చినప్పుడు నాలుగు ఆఫీసుల క్యూలు ఒక కౌంటర్ దగ్గరికి చేరాయి, 2011లో మీసేవ దాన్ని విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ‘మన మిత్ర’ మొదలుపెట్టినప్పుడు 161 సేవలను జనం రోజూ వాడే వాట్సాప్‌లోకే తెచ్చింది. మనిషి సాధనం దగ్గరికి వెళ్లే బదులు, మనిషి ఉన్నచోటికే సాధనం రావడం అంటే అది.

పెద్దవాళ్ల మాట వేరు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నల ఫోన్‌లో పదిహేను యాప్‌లు వేసి, పాస్‌వర్డ్‌లన్నీ తమ దగ్గర పెట్టుకుని ‘మీరేం చూసుకోనక్కర్లేదు’ అనడం ప్రేమతోనే చేస్తారు. కానీ అక్కడ జ్ఞాపకంతో పాటు నిర్ణయం కూడా చేయి మారిపోతుంది. నాన్న పెన్షన్ ఖాతా పిన్ కొడుకు ఫోన్‌లో ఉంటే, నాన్న తన డబ్బు తాను ఖర్చుపెట్టుకోవడానికి అమెరికాలో తెల్లారే దాకా ఆగాలి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం, గొంతుతో తెలుగు టైపు చేయడం నేర్పడం, మామూలు మీటల ఫోన్ వాడేవాళ్లకు 2022లో వచ్చిన యూపీఐ 123పే చూపించడం, ఇవన్నీ కాస్త ఓపిక అడిగే పనులు. పదిహేను యాప్‌లు వేయడం కంటే కష్టమే. పిన్ మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది.

అన్నీ ఫోన్‌కు అప్పజెప్పాక ఆ ఫోనే పోతే అనే భయానికి సమాధానం మళ్లీ కాగితం దగ్గరికే తీసుకెళ్తుంది. గూగుల్ లాంటి ఖాతాలు బ్యాకప్ కోడ్‌లు ఇస్తాయి, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింటు తీసి పాసుపుస్తకాల పక్కన పెట్టుకోవాలి. పోయిన ఫోన్‌ను పనిచేయకుండా ఆపించడానికి ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు అడుగుతారు, అది కూడా అదే కాగితం మీద ఉంటే మంచిది. ఫోన్ బాగానే ఉండి మనిషే లేకపోతే ఏమిటన్న ప్రశ్నను మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు, అశుభమంటారు. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఫొటోలు, ఈమెయిళ్లకు కూడా అలాంటి ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచే ఉంది. ఎన్నాళ్లు ఖాతా తెరవకపోతే మనం లేనట్టు లెక్క అని అడుగుతుంది. మూడు నెలలా, ఆరా, పన్నెండా, పద్దెనిమిదా? ఆ తర్వాత ఎవరికి ఏం అందాలో, ఏం చెరిపేయాలో అడుగుతుంది. ఆ పెట్టెల్లో పేర్లు దానంతట అది నింపదు.